ఎడ్లగాడి మీదుగా కైకలూరు

తాడేపల్లిగూడెంలో పొద్దున్నే టిఫిను చేసి బయల్దేరితే కొల్లేరు సరస్సును ఒక చుట్టు చుట్టి చీకటి పడేలోగా మళ్ళీ గూడెం చేరుకోవచ్చు. జాతీయ రహదారి మీద ఏలూరు, అక్కడ దక్షిణానికి మళ్ళితే కైకలూరు, ఉప్పుటేరు దాటితే ఆకివీడు, ఆపైన ఉండి, భీమవరం, తిరిగి గూడెం. ఇందులో మిగతా రోడ్లన్నీ సరస్సుకు ఎడంగా పోతాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు ఒక్కటే కొల్లేటి కడుపులోంచి పోతుంది. ఈ ప్రాంతపు చరిత్రలో సగం ఆ ఒక్క ముక్కలోనే కనిపిస్తుంది.

రోడ్ల కంటే ముందు ఇక్కడ దారి అంటే నీరే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక తూర్పు నుంచి గోదావరి నీళ్ళు, పడమర నుంచి కృష్ణ నీళ్ళు కాలువల్లో వచ్చి ఏలూరులో కలిశాయి. రాజమండ్రి వైపు నుంచి బెజవాడ దాకా 139 కిలోమీటర్ల ఏలూరు కాలువ పొలాలకు నీళ్ళిచ్చింది, పడవలనూ నడిపింది. కాకినాడలో ఎక్కించిన సరుకు ఈ కాలువ మీదుగా, కొమ్మమూరు కాలువలోంచి, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోయేది. 1890లలో రైలు వచ్చాక పడవల జోరు మెల్లగా తగ్గింది. అదే కాలువను 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు.

ఏలూరు దాటి దక్షిణానికి కొంతదూరం పోగానే వరి చేలు చేపల చెరువులకు చోటిస్తాయి. ఆ చెరువుల గట్ల మధ్య అక్కడక్కడా ఎత్తుగా ఊళ్ళు. వీటిని బెడ్ గ్రామాలంటారు, అంటే సరస్సు నడిబొడ్డున లంకల్లా నిలిచినవి. ఇవి 46. సరస్సు చుట్టూ అంచున ఉన్న బెల్టు గ్రామాలు మరో 76. ఒకప్పుడు వానాకాలంలో లంక ఊరి నుంచి పక్క ఊరికి పోవాలంటే తాటి దోనే దిక్కు. తాటి మొద్దును తొలిచి చేసిన దోనెలోనే బియ్యం బస్తా వచ్చేది, పెళ్ళికూతురు వెళ్ళేది, జ్వరం వచ్చిన పిల్లవాడు వైద్యుడి దగ్గరికి పోయేవాడు. వడ్డి కులస్థులు మావులు అనే ఉచ్చులు వేసి కొర్రమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి పట్టేవారు. నీళ్ళు తీసిన నేలలో వరి వేసేవారు. సరస్సు పెరిగితే చేప, తగ్గితే పంట. అలా సాగింది బతుకు.

ఈ నీటి చుట్టూ రాజులూ కొట్టుకున్నారు. రెండో పులకేశి విజయాలను చెప్పే 634 నాటి ఐహోలు శాసనం కుణాల అనే సరస్సు దగ్గర జరిగిన భీకర యుద్ధాన్ని వర్ణిస్తుంది. ఆ కుణాల మన కొల్లేరేనని చరిత్రకారులు గుర్తించారు. జనం నోట నిలిచిన కథ మాత్రం ఉప్పుటేటిది. గజపతుల కొల్లేటికోట చుట్టూ నీరే కాపలా. శత్రు సేనాని చిగురుకోట దగ్గర విడిది చేసి, సరస్సును సముద్రంలోకి ఖాళీ చేయాలని కాలువ తవ్వించాడట. పని నెరవేరాలని కన్నకూతురినే బలిచ్చారట. అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరు. దీన్ని చరిత్ర అనలేం గానీ, సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు తప్ప కొల్లేటికి సముద్రం చేరే దారి మరొకటి లేదన్న నిజం ఆ కథలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, పదుల సంఖ్యలో మురుగు కాలువలు వచ్చి పడితే బయటికి పోయే దారి అదొక్కటే.

ఆ కొల్లేటికోటలోనే పెద్దింట్లమ్మ గుడి. ఫాల్గుణంలో జాతర. తరతరాలుగా భక్తులు అమ్మవారి దగ్గరికి నీరు దాటే వెళ్ళారు.

రోడ్డు పక్క ఇప్పుడు కనిపించే గట్ల కథ మరీ పాతది కాదు. లంక జనాన్ని ఆదుకోవాలని 1976లో జలగం వెంగళరావు ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువులు ఇచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ దారి తెలిశాక డబ్బున్న చేతులు వచ్చాయి, సంఘం చెరువుల పక్కన ప్రైవేటు చెరువులు మొలిచాయి, గట్టు మీద గట్టు లేచింది. ఐస్ వేసి ప్యాక్ చేసిన బొచ్చె, శీలావతి చేపలు లారీల్లో బెంగాల్, అస్సాం పోయాయి. సరస్సు మాత్రం ముక్కలైంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో పదో కాంటూరు దాకా 901 చదరపు కిలోమీటర్లు రామ్‌సర్ జాబితాలోకి ఎక్కాయి. చిత్తడి నేలల రక్షణకు 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్ పట్నంలో కుదిరిన ఒప్పందం కింది జాబితా అది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో చెరువు గట్లను యంత్రాలతో తెగ్గొట్టారు. దానితో కూలి పని పోయినవాడూ, అప్పుల్లో మునిగినవాడూ లంక మనిషే. సరస్సును కాపాడే ఈ న్యాయంలో అతని వాటా ఇప్పటికీ తక్కువే.

కైకలూరు చేరే ముందు ఆటపాక. అక్కడి చెరువులో అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గుడ్లు పెడతాయి. ఈ సంగతి వెనక ఒక లోటు ఉంది. 1946లో కేరళకు చెందిన పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో దాదాపు 3,000 గూడబాతుల కాలనీని గుర్తించాడు. 1975 నాటికి అది మాయమైంది. ఇప్పుడు ఆటపాకలో సందడి చేసేవి అలా తప్పిపోయి మళ్ళీ తిరిగొచ్చిన పక్షుల జాతి.

కైకలూరు నుంచి ఆకివీడు మీదుగా భీమవరం పోయే రైలు మార్గం 1928 నాటిది. రోడ్డూ రైలూ రెండూ ఉప్పుటేటిని దాటాల్సిందే. 2022 ఏప్రిల్‌లో కైకలూరు కృష్ణా జిల్లా నుంచి కొత్త ఏలూరు జిల్లాకు వచ్చింది. దానితో ఏలూరు-కైకలూరు రోడ్డు మొత్తం ఒకే జిల్లాదయింది.

జిల్లాల హద్దులు మారినా వరద దారి మారలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచి కొల్లేటికి చేరినప్పుడు ఈ రోడ్డు మీది చినఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కి పారింది. ఏలూరు, కైకలూరుల మధ్య రాకపోకలు ఆగిపోయాయి.

వెళ్ళేవాళ్ళు నవంబరు, ఫిబ్రవరి నెలల మధ్య వెళ్ళండి, వలస పక్షులు ఉంటాయి. అదే రోడ్డులో పెదఎడ్లగాడి వంతెన దగ్గర బండి పక్కకు తీసి, దిగి, కిందికి చూడండి. ఖానాల నిండా గుర్రపుడెక్క కమ్ముకుని ఉంటే నీటికి దారి లేదని అర్థం. నీరు కదులుతుంటే అది ఉప్పుటేటి వైపు పోతోంది.