హాజరీపట్టీలో మా పేర్లు

'సాయిబులకు చదువబ్బదు'. ఈ మాట బడిలో పంతులుగారి నోట విన్నాం. కచేరీలో గుమాస్తా నోట విన్నాం. ఆఖరికి మా ఇళ్లలో పెద్దలు కూడా దాన్నే తలరాతలా అప్పజెప్పారు.

నా అయిదో తరగతి హాజరీపట్టీలో ఏడుగురు ముస్లిం పిల్లలం. పదో తరగతికి ఇద్దరం మిగిలాం. తక్కిన ఐదు పేర్ల మీదా ఎర్రసిరా గీత. ఒకడు సైకిల్ షాపులో చేరాడు. ఒకడు నాయనతో బండి తోశాడు. ఆడపిల్లలు బీడీల చాట ముందు కూర్చున్నారు. ఎందుకు మానేశారని అడగడానికి మా గల్లీకి ఎవరూ రాలేదు. బడి మా లెక్క రాసింది, ఆ లెక్కను చదవలేదు.

చదివితే ఏమవుతుందో చరిత్రలో దాఖలా ఉంది. 1871 ఆగస్టు 7న మేయో ప్రభుత్వం ముస్లింల చదువు గురించి ఒక తీర్మానం చేసి, రాష్ట్రాల నుంచి వివరాలు కోరింది. మా మీద ప్రేమతో కాదు, 1857 భయం ఇంకా తీరలేదు గనక. కోస్తా, రాయలసీమ జిల్లాలు ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అక్కడ జనాభాలో ముస్లింలు సుమారు ఆరు శాతం, బడిపిల్లల్లో 4.4 శాతం. ఈ తేడా చూశాక మద్రాసు ప్రభుత్వం ప్రత్యేక ప్రాథమిక పాఠశాలలు పెట్టింది. ఫీజు సగం చేసింది. ముస్లిం ఉపాధ్యాయులకు శిక్షణ ఏర్పాటు చేసింది. ముస్లిం డిప్యూటీ ఇన్‌స్పెక్టర్లను వేసింది. పదేళ్లకు, 1880-81లో, మళ్లీ లెక్క తీస్తే బడిపిల్లల్లో మా వాటా 6.7 శాతం!

మరి చదువబ్బని జాతి పదేళ్లలో ఎలా మారింది? జాతి మారలేదు, బడి మారింది.

అయితే అదే కాలపు లెక్కల్లో ఇంకో నిజం కూడా ఉంది. 1882 హంటర్ కమిషన్ పట్టికలో తరగతులు విడివిడిగా చూపారు. మద్రాసులో ఇంగ్లీషు హైస్కూళ్లలో 4,836 మందికి ముస్లింలు 117 మంది. కాలేజీల్లో 1,669 మందికి ముప్పై మంది. కింది మెట్టు మీద గుంపుగా ఉన్నవాళ్లు పై మెట్టుకి వచ్చేసరికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. మొత్తం సంఖ్య ఒక్కటే చూసి మురిసిపోతే ఈ జారుడు కనపడదు.

నూటపాతికేళ్ల తర్వాతా కథ పెద్దగా మారలేదు. 2001 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు కన్నా ఎక్కువ. 'ఇంకేం కావాలి మీకు?' అన్నారు. మాలో ఎక్కువమంది పట్టణాల్లో ఉంటారన్న సంగతి ఆ సగటు చెప్పదు. సంతకం నేర్చినవాడు ఏ తరగతిలో ఆగిపోయాడో అసలే చెప్పదు. 2006లో సచార్ కమిటీ దేశం మొత్తం చూసి చెప్పింది: 6-14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగోవంతు మంది బడి మొహం చూడనివాళ్లో, మధ్యలో మానేసినవాళ్లో.

'మతం పేరుతో లెక్కలేంటి?' అని లౌకికవాద మిత్రులు నొచ్చుకుంటారు. అయ్యా, పోలీసు స్టేషన్లో మా జాబితా వేరే రాసినప్పుడు ఈ నొప్పి ఎందుకు లేదు? అనుమానించడానికి లెక్కకొచ్చే మేం ఆదుకోవడానికి లెక్కకు రామా? మా పెద్దలకూ ఒక ప్రశ్న. దూదేకుల పిల్లవాడు, ఫకీరు పిల్లవాడు, ఇంట్లో ఆగిపోయిన ఆడపిల్ల ఎక్కడున్నారో మనం ఎన్నడన్నా విడిగా లెక్కించామా?

2016 నుంచి తెలంగాణలో మైనారిటీ గురుకులాలు తెరిచారు. మంచిదే. 2022-23 నుంచి దేశవ్యాప్తంగా బడిపిల్లల వివరాలు విద్యార్థివారీగా కంప్యూటర్లకెక్కుతున్నాయి. ఇప్పుడు ఏ పిల్ల ఏ నెలలో బడికి దూరమవుతోందో, ఏ పాఠంలో వెనకబడిందో తెలుసుకోవడం కష్టం కాదు. తెలిశాక ఏం చేస్తారన్నదే ప్రశ్న. ఢిల్లీకి పంపి ఊరుకుంటే అదీ ఎర్రసిరా గీతే.

వరసగా వారం రోజులు ఒక పేరు పక్కన గైర్హాజరు పడితే ఆ సాయంత్రమే పంతులు మా గల్లీకి రావాలి. ఆ ఇంటి అమ్మీని పలకరించాలి. ఫీజు లేకనా, పనికోసమా, పాఠం భాష అర్థంకాకనా అని అడగాలి. ఆ జవాబు రాసుకుని, దానికి తగిన సాయం చెయ్యాలి. మూడు నెలలకు మళ్లీ చూడాలి.

నా ఐదుగురు నేస్తాల కోసం ఎవరూ అలా రాలేదు. వాళ్ల మనవల కోసమైనా రండి.