రథధ్వజం నుంచి లారీ అద్దం దాకా

చిహ్నానికి కూడా వొక చరిత్ర వున్నది. అది యెవరి వాహనం మీద వున్నది, యెవరు పెట్టించారు, చూసినవాడు దానికి యేమన్నాడు అనే మూడు ప్రశ్నలు వేస్తేగాని ఆ చరిత్ర మనకు అందదు. మన పత్రికల్లో వచ్చే విమర్శ సాధారణంగా మొదటి ప్రశ్న కూడా వేయకుండానే, వాహనం మీది దేవుడి బొమ్మను “మూఢవిశ్వాసం” అని తీర్మానించి ముందుకు సాగిపోతుంది.

తాండవ నదికి యీ వొడ్డున పాయకరావుపేట, ఆ వొడ్డున తుని. కోల్‌కతా నుంచి చెన్నై పోయే 16వ నంబరు జాతీయ రహదారి యీ నదిని దాటే చోట కాసేపు నిలబడితే దేశంలోని నమ్మకాలన్నీ చక్రాల మీద దొర్లిపోతూ కనిపిస్తాయి. వొక లారీ నుదుట “తలుపులమ్మ తల్లి దీవెనలు”, మరొకదాని మీద 786, వొక ఆటో వెనుక సిలువ, మరొకదాని మీద “జై భీమ్”, ఇంకొకదానిపై అల్లూరి సీతారామరాజు విల్లంబులు. బంపరుకు కట్టిన నిమ్మకాయా, పచ్చిమిరపకాయలూ సరేసరి.

వాహనానికి చిహ్నం కట్టడం నిన్న పుట్టిన అలవాటు కాదు. తిక్కన విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరునికి కౌరవ వీరులను గుర్తుపట్టించింది వారి జెండాలను చూపించే. ద్రోణునికి వేదిక, అశ్వత్థామకు సింహపు తోక, దుర్యోధనునికి పాము, భీష్మునికి తాడిచెట్టు. అర్జునుని టెక్కెం మీద హనుమంతుడు సరేసరి. యీ పట్టికలో వొక సంగతి గమనించదగినది. యే ధ్వజమూ తన యజమాని యే మతస్థుడో చెప్పదు. అతడెవడో చెబుతుంది, అతని అంతస్తు చెబుతుంది. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాల ముద్రమీది వరాహం కూడా రాజాధికారానికి గుర్తుగానే చెల్లింది. భూస్వామ్య యుగంలో చిహ్నం ప్రభువు సొత్తు. రథం తోలే సూతునికి జెండా లేదు.

యీ హక్కును సామాన్యుడి వొంటి మీదికి దించినవి భక్తి ఉద్యమాలు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కీర్తించిన భక్తులలో చాకలీ, కుమ్మరీ, మాదిగా వున్నారు. గుళ్ళోకి రానివ్వని మనిషి తన దైవాన్ని మెడలో కట్టుకుని తిరగడం ఆనాటికి సామాన్యమైన ధిక్కారం కాదు. అయితే అదే చిహ్నం త్వరలోనే మన వాళ్ళెవరో, పరాయివాళ్ళెవరో తేల్చే గీత కూడా అయింది. అదే శతాబ్దంలో తిక్కన తన భారతాన్ని హరిహరనాథునికి అంకితమిచ్చి, ఆ గీతను చెరపడానికి ప్రయత్నించాడు. తరువాత వేమన వచ్చి విభూతినీ, నామాన్నీ వొకే చేత్తో తోసివేశాడు. ధరించడం, కలపడం, తిరస్కరించడం అనే మూడు మార్గాలూ మన సాహిత్యంలో ఆనాడే సిద్ధంగా వున్నాయి.

ఇప్పుడు మళ్ళీ లారీ దగ్గరకు వద్దాం. తుని సమీపంలో కొండల నడుమ లోవలో వెలసిన తలుపులమ్మ యీ ప్రాంతపు డ్రైవర్ల దేవత. కొత్త బండి కొన్నవాడు అక్కడికి తీసుకుపోయి పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, అమ్మవారి పేరు రాయించుకుంటాడు. దారిలో ప్రమాదం జరగకుండా తల్లి కాస్తుందని నమ్మకం. యీ నమ్మకానికి పునాది యేమిటి? 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలకు, వారానికి 48 గంటలకు మించి పని చేయించరాదన్నది. కాని ఆ చట్టం అయిదుగురికి తక్కువ కాకుండా కార్మికులున్న సంస్థలకే వర్తించేటట్లు రాశారు. వొకటి రెండు లారీలున్న యజమాని దగ్గర పనిచేసే డ్రైవరుకు అందులో చోటే లేకపోయింది. చట్టం వదిలివేసిన మనిషిని తల్లి అక్కున చేర్చుకున్నది. నిద్రలేని కళ్ళతో స్టీరింగు పట్టుకున్నవాడు అద్దం మీద రాసుకున్న పేరును చూసి నవ్వే అభ్యుదయవాది, అతని పని గంటల గురించి ముందు మాట్లాడవలసి వుంటుంది.

అయితే చిహ్నాలన్నీ వొక్కటే అనడం కూడా పొరపాటే. 2015లో కాసరగోడుకు చెందిన కరణ్ ఆచార్య అనే చిత్రకారుడు తన వూరి యువకుల జెండా కోసం కాషాయం, నలుపు రంగుల్లో హనుమంతుని ముఖం గీశాడు. అనతికాలంలో ఆ బొమ్మ దేశమంతటా కార్ల వెనుక అద్దాలకెక్కింది. రాముని ముందు చేతులు కట్టుకుని నిలబడే మన హనుమంతునికి కనుబొమలు ముడిపడ్డాయి. 2018 మేలో ప్రధానమంత్రి మోదీ కర్ణాటక ఎన్నికల సభలో ఆ చిత్రకారుణ్ణి మెచ్చుకున్నారు. అంతకు ముందు నెలలోనే లక్నోలో వొక పెద్దమనిషి, డ్రైవరు ముస్లిం గనుక అద్దె కారు రద్దు చేసుకున్నానని బాహాటంగా ప్రకటించాడు. ఆ బొమ్మ వున్న కారు యెక్కబోమని కొందరు అన్నందుకు అది జవాబట! బొమ్మను చూసి భయపడినవారి భయం వొట్టిది కాకపోవచ్చు. కాని దాని బరువు చివరకు పడింది యెవరి మీద? బొమ్మ గీసినవాడి మీదా కాదు, మెచ్చుకున్నవాడి మీదా కాదు. ఆ పూట కిరాయి పోగొట్టుకున్న డ్రైవరు మీద.

నాస్తికులు కూడా వాహనాలకు చిహ్నాలు తగిలించారు. అమెరికాలో క్రైస్తవులు కార్లకు చేప గుర్తు అంటించుకుంటే, 1980లలో కాలిఫోర్నియా హేతువాదులు ఆ చేపకు కాళ్ళు మొలిపించి, కడుపులో డార్విన్ పేరు రాశారు. తరువాత ఆ కాళ్ళ చేపను మింగే పెద్ద చేప బయలుదేరింది. యీ చేపల పోట్లాటలో యెవరి అభిప్రాయమూ మారినట్లు కనబడదు. మన గోరా దారి వేరు. 1933లో నాస్తిక భావాల కారణంగానే కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఆయన ఉద్యోగం పోయింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. 1948లో సేవాగ్రామంలో, అంటరాని కులంలో పుట్టిన యువకునికి తన కుమార్తెనిచ్చి పెండ్లి చేశారు. ఆయన అవిశ్వాసం చదువుకోవడానికి స్టిక్కరు అవసరం లేకపోయింది.

2025 సెప్టెంబరులో అలహాబాదు హైకోర్టు కులకీర్తనను గర్హించిన తరువాత, వాహనాల మీది కుల నినాదాలు తొలగించాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఉత్తరువు జారీ చేసింది. మంచిదే. కాని అద్దం మీద గీకివేసిన కులం పెండ్లి పందిట్లో చెక్కుచెదరకుండా వుంటే ఆ ఉత్తరువు గీకినది రంగును మాత్రమే. అధికారం చూపించి యెదుటివాణ్ణి పక్కకు తప్పుకోమనే చిహ్నాన్ని మనం నిర్మొహమాటంగా యెదుర్కోవాలి. ప్రాణభయంతో రాసుకున్న పేరు దగ్గర మాత్రం మన పని వేరు. ఆ డ్రైవరుకు యెనిమిది గంటల పనీ, ప్రమాద బీమా, కంటినిండా నిద్రా సాధించిన తరువాత, తల్లి పేరు వుంచుకోవాలో చెరిపివేయాలో అతనే నిర్ణయించుకుంటాడు.