రూబే రాళ్ళబాటపై స్త్రీలు

ఫ్రాన్సు ఉత్తరసీమయందు, బెల్జియము పొలిమేరకు చేరువగా, ఉన్నిమిల్లులకు ప్రసిద్ధిగాంచిన రూబే పట్టణమున, థియోడోర్ వియన్, మారిస్ పెరెజ్ అను ఇరువురు మిల్లు యజమానులు, తాము కట్టించిన సైకిలు పందెముల ప్రాంగణమునకు జనమును రప్పింపనెంచి, పారిస్‌నుండి తమ యూరివరకు ఒక్కనాటి పందెమును 1896లో నెలకొల్పిరి. రాళ్ళు పరచిన పొలముబాటలే నేడు దానికి ప్రాణము. ప్రథమ ప్రపంచసంగ్రామము ముగిసిన పిమ్మట, 1919లో దారి చూడబోయిన పత్రికారచయితలు, నేలమట్టమైన పల్లెలను, మోడువారిన చెట్లను గాంచి, దానిని ఉత్తరనరకమని వర్ణింపగా, ఆ పేరే నిలిచిపోయినది.

రూబే మిల్లులలో స్త్రీలును దినమెల్ల శ్రమించినవారే. వారి సత్తువను యంత్రములయొద్ద శంకింపని లోకము, రాళ్ళబాటపై మాత్రము 125 ఏండ్లపాటు వారికి పందెమొకటి పెట్టలేదు. 2020లో తలపెట్టిన స్త్రీల పందెము మహమ్మారివలన ఆగి, మరల వాయిదాపడి, తుదకు 2021 అక్టోబరు 2న దెనాఁ పట్టణమున మొదలైనది. దూరము 116.4 కిలోమీటర్లు, అందు రాళ్ళబాట 29.2. పురుషుల దారిలో మిక్కిలి భయంకరమని పేరొందిన ఆరంబర్గ్ అడవిబాటను ఇందు చేర్చలేదు.

ఎండినచో ధూళి, తడిసినచో బురద. గాలి కొంత తగ్గించిన వెడల్పు టైర్లే అచట శరణ్యము. ఆనాడు బాట తడిసియున్నది. ఇంగ్లండు దేశీయురాలు లిజ్జీ డైగ్నన్, తన జట్టు ఆశలు ప్రధానముగా ఇతరులపై నిలిచియున్నను, తొలి రాళ్ళబాట దాపున ముందునకు దూకి, ఎనుబది కిలోమీటర్లకు పైబడిన శేషదూరమును ఏకాకినియై త్రొక్కి, వెనుకచక్రము ప్రక్కలకు జారుచున్నను నిలద్రొక్కుకొని, తొడుగులులేని అరచేతులు చిట్లి పిడిపట్టీ నెత్తుటితో తడియగా, రూబే ప్రాంగణమును తొలుత చేరెను. మహాయోధురాలైన మరియానె వోస్ నిమిషమునకు పైగా వెనుకబడి ద్వితీయస్థానము నొందెను. తరువాతి యేడు ఇటలీకి చెందిన ఎలీసా లోంగో బోర్గినీ, 2023లో కెనడా వనిత ఆలిసన్ జాక్సన్ విజేతలైరి.

విజేతకు జ్ఞాపికగా నిచ్చునది ఆ బాటరాయియే. రాతి విషయమున భేదము లేదు. పైకమున మాత్రము 2021లో భేదముండెను. డైగ్నన్‌కు నిర్ణయించిన బహుమానము 1,535 యూరోలు. మరునాడు పురుషులలో నెగ్గిన సోన్నీ కోల్‌బ్రెల్లికి 30,000. లోటును ఆమె జట్టువారే పూడ్చిరి. పురుషుల దారి దీర్ఘతరమను సమాధానము ఇచట చెల్లదు: దూరము రెట్టింపునకు కొంచెము మించినది, పైకము ఇంచుమించు ఇరువదిరెట్లు.