ఖద్దరు అంగీ, చర్మానికి మందు

మన తిరువొత్తియూరులో కాలడిపేట తెలియనివాళ్లుండరు. ఆ పేరు వెనక ఉన్నది మగ్గాల చరిత్రే. 1717 నుంచి 1720 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న జోసెఫ్ కాలెట్, కుంపిణీ బట్టల వ్యాపారం కోసం ఇక్కడ నేతవాళ్లకూ అద్దకంవాళ్లకూ ఒక పేట కట్టించాడు. కాలెట్‌పేట జనం నోట కాలడిపేట అయింది.

ఆనాటి నుంచీ మనవాళ్ల చేతులు రంగులో, సున్నపు నీళ్లలో, గంజిలో నానుతూనే ఉన్నాయి. చేతులు పగలడం, దురద, పొక్కులు మనకు కొత్త కాదు. కానీ ఒంటి మీద పొలుసులు లేస్తే మాత్రం దాచిపెడతాం. ఆడపిల్లకైతే సంబంధాలు తప్పిపోతాయని ఇంకా దాస్తాం. అది సోరియాసిస్ అయితే అంటురోగం కానే కాదు. మామూలుగా చర్మకణం పుట్టి, పైకి వచ్చి రాలడానికి సుమారు నెల పడుతుంది. ఈ జబ్బులో కొద్ది రోజుల్లోనే పైకి వచ్చి పొరలుగా పేరుకుంటుంది.

దీనికి వాడే ముఖ్యమైన మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. దాని చరిత్రలో మన తెలుగువాడు ఉన్నాడు, నేతబట్ట కూడా ఉంది.

1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. గాంధీగారి పిలుపు విని ఆపరేషన్ గదిలోకి ఖద్దరు అంగీతో వెళ్లారు. తెల్ల ప్రొఫెసరుకు కోపం వచ్చింది. పరీక్షలు బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు.

తర్వాత అమెరికా వెళ్లి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. అమినోప్టెరిన్‌ను మొదట పిల్లల రక్తక్యాన్సరుకు వాడారు. 1951లో కీళ్లవాతానికి అదే మందు ఇస్తున్న డాక్టర్లు, రోగుల ఒంటి మీది సోరియాసిస్ పొలుసులు తగ్గడం గమనించారు. తర్వాత దాని స్థానంలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. 1948లోనే కన్నుమూసిన సుబ్బారావు గారికి ఈ మేలు చూసే భాగ్యం లేకపోయింది.

ఒక్క మాట మరవొద్దు. సోరియాసిస్‌కు ఈ మందు వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. గర్భిణులు అసలు వాడకూడదు. డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష చేయించుకోవాలి. పక్కింటివాళ్ల చీటీ చూసి కొనుక్కోవద్దు.

మనకు దగ్గర్లోనే స్టాన్లీ ఆస్పత్రిలో చర్మ విభాగం ఉంది. ఖద్దరు అంగీ వేసుకున్నందుకు ఆయన సిగ్గుపడలేదు. ఒంటి మీద మచ్చ ఉందని మనమూ సిగ్గుపడొద్దు. దాచుకోకుండా వెళ్లి చూపించుకుందాం.