లేమి కలిపిన రుచి

ప్రతి సంవత్సరమును ఫిబ్రవరి 5వ తేదీన, ఇటలీ దేశమునందును, దాని యెల్లలు దాటి పెక్కు దేశములందును, చాక్లెట్టును హేజెల్‌నట్ పప్పును కలిపి నూఱిన ముద్దను రొట్టెముక్కపై పూసికొని తిని, ఆ దినమును నుటెల్లా దినముగా జరుపుకొనువారు కలరు. క్రొత్త బియ్యమును క్రొత్త బెల్లమును ఇంటికి వచ్చినపుడే సంక్రాంతి అరిసెలు వండుకొను మనకు, ఏ పంటతోను ఏ దైవముతోను ముడిపడని యిట్టి పండుగ వింతగా తోపవచ్చును. గాని ఆ ముద్ద వెనుక నున్న సుదీర్ఘ చరిత్రను తెలిసికొన్నచో, లేమి యొక సీమవారికి నేర్పిన పాకము ఎట్లు లోకమునకు ప్రియమయ్యెనో బోధపడును.

ఇటలీకి వాయవ్యమున, ఆల్ప్స్ పర్వతముల పాదమున పీడ్‌మాంట్ అను సీమ యున్నది. టురిన్ దానికి రాజధాని. రాజాస్థానము నెలకొనియుండుటచే ఆ నగరమునకు చాక్లెట్టు చాల ముందుగనే అలవడినది. చాక్లెట్టును, కాఫీని, మీగడను పొరలు పొరలుగా గాజుపాత్రలో పోసి యిచ్చు బిచెరిన్ అను పానీయము అచట నేటికిని ప్రసిద్ధము. అట్టి నగరమునకు పందొమ్మిదవ శతాబ్ది యారంభమున కోకో కఱవు వచ్చెను. 1802లో పీడ్‌మాంటును ఫ్రాన్సులో కలిపికొనిన నెపోలియన్ 1806లో బెర్లిన్ నగరమునుండి శాసనము వెలువరించి, ఇంగ్లండుతోడి వాణిజ్యమును తన యేలుబడిలోని దేశములన్నింటను నిషేధింపగా, ఇంగ్లీషు నౌకాదళము ప్రతిగా సముద్రమార్గముల నడ్డగింపగా, సముద్రములు దాటి రావలసిన కోకోగింజ ప్రియమై దుర్లభమైనపుడు, టురిన్ పనివారు తమ సీమలోనే లాంగె కొండలమీద విరివిగా కాయు హేజెల్‌నట్ గింజలను దంచి, ఉన్న కొలది కోకోలో కలిపి కొఱత తీర్చిరని ఆ నగరమువారు తరతరములుగా చెప్పుకొందురు.

కోకో మనకు పరాయిది కాదు; గోదావరి జిల్లాల కొబ్బరితోటల నీడలో నేడు కోకోచెట్లు కాయుచున్నవి. హేజెల్‌నట్ మాత్రము చల్లని సీమల పంట. ఆ గింజను దోరగా వేచి, వేడి చల్లారకముందే గుడ్డలో వేసి నలిపినచో, గోధుమవన్నె పొట్టు రాలి, దంతపువన్నె పప్పు బయటపడును. వేచిన వేరుసెనగ పప్పును రోట వేసి నూఱిన తెలుగింటి యిల్లాలికి దాని తరువాతి పోకడ చెప్పకయే తెలియును: మొదట పొడి, పిదప ముద్ద, ఆపైన నూనె దేలి జాఱుదనము. ఆ నూనెయే కోకోతో కూడి నాలుకపై కరగు మెత్తదనము నిచ్చును. గాని చేతితో ఎంత నూఱినను కొంత నలుసు మిగులును; నాలుకకు తగులని నున్నదనము యంత్రములు వచ్చిన పిమ్మటనే సాధ్యమైనది. అందుచే, నెపోలియన్ కాలపు గాథను నేను త్రోసిపుచ్చకున్నను, 1852 ప్రాంతమున మికెలె ప్రోషె అను చాక్లెట్టు నిపుణుడు వేచిన గింజలను మెత్తని ముద్దచేసి కోకోతో కలిపెనని చెప్పబడు నాటినుండియే దీని చరిత్రను లెక్కించుట న్యాయమని నా నమ్మకము.

1865లో కఫరెల్ సంస్థవారు కార్నివాల్ ఉత్సవసమయమున ఈ ముద్దతో చేసిన చిన్నబిళ్లలను ప్రజలకు పరిచయము చేసిరి. తిరుగవేసిన పడవవలె నుండు ఆ బిళ్లను రేకుకాగితమున ఒక్కొక్కటిగా చుట్టుట వారి విశేషము. దానికి జాండుయోట్టో యను పేరు జాండూయా యను పాత్రనుండి వచ్చినది. మన తోలుబొమ్మలాటలో కేతిగాడు ఎట్టివాడో, పీడ్‌మాంట్ బొమ్మలాటలో జాండూయా అట్టివాడు: మూడుకోణముల టోపీ, ఎఱ్ఱయంచుల గోధుమవన్నె కోటు, ద్రాక్షసారాయమునందు ప్రీతి, ఎవరినైన నవ్వించు నోరు గల పల్లెటూరి రైతు. కూజా పట్టిన జాన్ అని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. రాజుల పానీయముగా నగరమున అడుగిడిన చాక్లెట్టు, కొండగింజతో కూడి, తుదకు ఒక రైతు పేరు ధరించుట నాకు మిక్కిలి యింపైన సంగతి.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి కోకో మరల దుర్లభమయ్యెను. లాంగె కొండల నడుమనున్న ఆల్బా పట్టణమున మిఠాయివర్తకుడు పియెత్రో ఫెరేరో, పాత యుపాయమునే క్రొత్తగా చేపట్టి, 1946లో జాండుయోట్ అను గట్టి దిమ్మను అమ్మకమునకు తెచ్చెను. దానిని కత్తితో పలుచగా కోసి రొట్టెపై పెట్టుకొని తినెడివారు. చాక్లెట్టు కొనజాలని కూలివాని బిడ్డకును ఆ రుచి యందెను. ఈ కథయంతటిలో నాకు పూజ్యమైన ఘట్టమిదియే. పియెత్రో 1949లో గతించెను. పిదప ఆ దిమ్మ మెత్తబడి సూపర్‌క్రెమా యను పూతగా మాఱగా, అతని కుమారుడు మికెలె దాని పాకమును సవరించి, ఇంగ్లీషున గింజకు గల నట్ అను మాటకు ఇటలీ భాషలోని ముద్దు ప్రత్యయము చేర్చి, నుటెల్లా యని పేరిడెను. మొదటి సీసా ఆల్బా కర్మాగారమునుండి 1964 ఏప్రిల్ 20వ తేదీన వెలువడెను. ఏబదియేండ్లు నిండిన 2014లో ఇటలీ ప్రభుత్వము దానిపేర తపాలాబిళ్లను విడుదల చేసెను.

పండుగ మాత్రము ఫెరేరో సంస్థవారు కల్పించినది కాదు. ఇటలీలో నివసించుచుండిన సారా రోస్సో యను అమెరికా మహిళ 2007లో కేవలము మక్కువచే దీనిని ఆరంభించెను. 2013లో సంస్థ న్యాయవాదులు దీనిని మానుమని ఆమెకు లేఖ వ్రాసిరి. ప్రజలు నొచ్చుకొనగా సంస్థ వెనుదీసెను. 2015లో ఆమెయే ఆ దినోత్సవమును వారికప్పగించెను. అభిమానమున పుట్టిన పండుగ వాణిజ్యము చేతికి పోవుట నాకు కొంత వెలితిగానే యున్నది. మఱియొక సంగతియు చెప్పవలెను: నేటి సీసాలో హేజెల్‌నట్ నూటికి 13 పాళ్లు మాత్రమే; చక్కెరయు పామాయిలునే సగమునకు పైగా ఆక్రమించినవి. కావున ఈ పండుగ చేసికొనగోరు పాఠకులు, వీలైనచో, గింజల పాళ్లు హెచ్చుగా గల టురిన్ బిళ్లనొకదానిని కూడ రుచి చూడవలెనని నా మనవి.

లాంగె కొండలలో ఈ గింజలు రాలునది ఆగస్టు మాసాంతమున. ఫిబ్రవరిలో ఆ చెట్లకు ఆకైనను ఉండదు. వట్టి కొమ్మలనుండి పసుపుపచ్చని పూగుత్తులు మాత్రము వ్రేలాడుచు, చలిగాలికి పుప్పొడి విడుచుచుండును.