యుద్ధానంతర స్పీడ్‌వే మృతులు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1946లో బ్రిటన్‌లో స్పీడ్‌వే లీగ్ పోటీలు తిరిగి మొదలై విశేష జనాదరణ పొందాయి. ఈ క్రీడలో బ్రేకులు లేని 500 సీసీ మోటారు సైకిళ్లపై సాధారణంగా నలుగురు రైడర్లు అండాకారపు మట్టి ట్రాక్‌ను నాలుగు చుట్లు తిరుగుతారు. మలుపుల్లో వెనుక చక్రాన్ని జార్చుతూ బండి నడపాలి. ముందున్నవారు పడిపోతే వెనుక వచ్చేవారికి తప్పుకునే వ్యవధి దొరకదు. చుట్టూ ఉండే కంచె మరో ముప్పు.

1950 జనవరిలో సిడ్నీలో జరిగిన ఒకే ప్రమాదం రైడర్లు రే డుగ్గన్, నార్మన్ క్లేలను బలిగొంది. అదే ఏడాది జులై 1న బ్రాడ్‌ఫర్డ్‌లోని ఓడ్సాల్ స్టేడియంలో జో ఆబట్ మరణించారు. యుద్ధానికి ముందే పేరు తెచ్చుకున్న అనుభవజ్ఞుడాయన. అదే రోజు హాలిఫాక్స్ రైడర్ జాక్ షెడ్ కూడా ప్రాణాలు కోల్పోయారు. విజేతల పేర్లతో పాటు వీరి పేర్లూ ఈ క్రీడా చరిత్రలో నిలవాలి.