లైట్‌హౌసుల వెంట మోటార్‌హోమ్: కెనడా మారిటైమ్స్ తీరంలో రోడ్డు ప్రయాణం

కెనడా తూర్పు అంచున అట్లాంటిక్‌ను ఆనుకుని ఉన్న మూడు చిన్న ప్రావిన్సులను కలిపి మారిటైమ్స్ అంటారు. అవి నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్. టొరంటో నుంచి నోవా స్కోషియా రాజధాని హాలిఫాక్స్‌కు రోడ్డు మార్గాన సుమారు 1,800 కిలోమీటర్లు. వంటగది, పడక, మరుగుదొడ్డి అన్నీ ఉండే మోటార్‌హోమ్‌లో ఈ తీరం చుట్టడం అక్కడి వేసవి అలవాటు. వీటినే ఆర్‌వీలు అంటారు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా అనువైన కాలం. అక్టోబర్ వచ్చేసరికి చాలా క్యాంప్‌గ్రౌండ్లు నీళ్లు ఆపేసి తలుపులు మూసేస్తాయి.

లైట్‌హౌసుల కథ 1758తో మొదలుపెట్టడం సబబు. ఆ ఏడాది నోవా స్కోషియా తొలి శాసనసభ కొలువుతీరగానే చేసిన మొదటి పనుల్లో ఒకటి, హాలిఫాక్స్ రేవు ముఖద్వారంలోని సాంబ్రో ద్వీపంపై దీపస్తంభం కట్టించడం. ఖర్చు కోసం రేవుకు వచ్చే ఓడల మీద, దిగుమతయ్యే మద్యం మీద పన్ను వేశారు. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో నేటికీ నిలిచి ఉన్న దీపస్తంభాల్లో అదే పాతది. అక్కడికి రోడ్డు లేదు, పడవలో వెళ్లాల్సిందే. విచిత్రమేమిటంటే అదే 1758లో, కేప్ బ్రెటన్ ద్వీపంలోని ఫ్రెంచి కోట లూయిస్‌బర్గ్‌ను బ్రిటిష్ సేనలు ముట్టడించినప్పుడు అక్కడి దీపస్తంభం ధ్వంసమైంది. 1734లో వెలిగిన ఆ దీపమే కెనడాలో మొదటిది. ఇప్పుడు అక్కడ కనిపించేది 1920ల నాటి కట్టడం.

పర్యాటకుల తాకిడి ఎక్కువగా ఉండేది మాత్రం హాలిఫాక్స్‌కు గంట దూరంలోని పెగ్గీస్ కోవ్ దగ్గర. గ్రానైట్ బండల మీద ఎర్రటి దీపపు గది, తెల్లటి స్తంభం. 1868లో కట్టిన చెక్క దీపం స్థానంలో 1915లో ఈ కాంక్రీటు స్తంభం వచ్చింది. అక్కడ నల్లగా తడిసిన బండ మీద అడుగు పెట్టకూడదు. నలుపు అంటే అల అక్కడిదాకా వస్తోందని గుర్తు. హెచ్చరిక బోర్డులున్నా మనుషులు కొట్టుకుపోయిన సందర్భాలున్నాయి. దగ్గర్లోనే 1998లో కూలిన స్విస్ఎయిర్ 111 విమానంలోని 229 మంది మృతుల స్మారకం ఉంది. ఊరి దారులు ఇరుకు, పార్కింగ్ తక్కువ. పెద్ద వాహనం పొద్దున్నే వెళ్లి రావడం మేలు.

కేప్ బ్రెటన్ ద్వీపమే అయినా 1955 నుంచి కాన్సో కాజ్‌వే అనే రాళ్ల కట్ట దాన్ని ప్రధాన భూభాగంతో కలిపింది. ద్వీపం ఉత్తర భాగాన్ని చుట్టే కాబట్ ట్రెయిల్ 298 కిలోమీటర్లు. కేప్ స్మోకీ, ఫ్రెంచ్ మౌంటెన్ దగ్గర ఎత్తుపల్లాలు నిట్టనిలువుగా ఉంటాయి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. తక్కువ గేరులో ఇంజిన్ పట్టుతో దిగడం ఒక్కటే దారి. ట్రెయిలర్ లాక్కొచ్చినవాళ్లు దాన్ని కింద క్యాంప్‌లో వదిలి కారులో పైకి వెళ్లడం తెలివైన పని.

నోవా స్కోషియాలోని కారిబూ నుంచి ఫెర్రీ ఎక్కితే 75 నిమిషాల్లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్. ఎక్కే ముందు మోటార్‌హోమ్‌లోని ప్రొపేన్ సిలిండర్ కట్టేయాలి. అవతలి ఒడ్డున దిగగానే కనిపించే వుడ్ ఐలాండ్స్ దీపస్తంభం 1876 నాటిది. ఒడ్డు కోసుకుపోతుండటంతో 2009లో దాన్ని అమాంతం లేపి లోపలికి జరిపారు. ఈ ద్వీపంలో 60కి పైగా దీపస్తంభాలున్నాయి. చాలావరకు చెక్కవి కాబట్టే ఇలా జరపడం సాధ్యం. తూర్పు కొసన ఈస్ట్ పాయింట్‌లోని 1867 నాటి స్తంభం ఇప్పటికి రెండుసార్లు కదిలింది. మొదట అది కొసకు చాలా లోపల ఉండేది. 1882లో బ్రిటిష్ యుద్ధనౌక ఫీనిక్స్ దిబ్బకు తగిలి పగిలిపోవడానికి అదే కారణమన్న విమర్శ రావడంతో 1885లో ముందుకు జరిపారు, 1908లో మళ్లీ చోటు మార్చారు. పాయింట్ ప్రిమ్‌లోని 1845 నాటి గుండ్రటి ఇటుక స్తంభం ద్వీపంలో అన్నిటికన్నా పాతది.

ఈ ద్వీపం ఎర్రటి మెత్తని ఇసుకరాయి. 2022 సెప్టెంబర్‌లో ఫియోనా తుపాను తాకినప్పుడు ఇసుక దిబ్బలు తుడిచిపెట్టుకుపోయాయి. టీకప్ రాక్ అనే ప్రసిద్ధ శిల ఒక్క రాత్రిలో మాయమైంది. దీపస్తంభాలకు సముద్రంతో పాటు ఇంకో ముప్పూ ఉంది. జీపీఎస్ వచ్చాక ఓడలకు వీటి అవసరం తగ్గింది, కాపరులు పోయి యంత్రాలొచ్చాయి. వారసత్వ దీపస్తంభాల రక్షణ చట్టం 2010లో అమల్లోకి వస్తూనే, దేశవ్యాప్తంగా వెయ్యికి దగ్గరగా దీపస్తంభాలను కెనడా మత్స్య, సముద్ర వ్యవహారాల శాఖ ‘మిగులు’ ఆస్తులుగా ప్రకటించింది. వాటిని కాపాడుకోవాలంటే ఊరివాళ్లే ముందుకొచ్చి నిర్వహణకు ప్రణాళిక చూపించాలి. రక్షణ చట్టం పేరుతో భారాన్ని పల్లెల భుజాన వేశారన్న మాట కాదనలేనిది. ఇప్పుడు చాలా స్తంభాలను నడుపుతున్నది స్థానిక సంఘాలే. ఎక్కడానికి తీసుకునే కొద్దిపాటి రుసుము, కింద చిన్న దుకాణంలో అమ్మకాలు వాటికి ఆధారం. వెస్ట్ పాయింట్‌లో 1875 నాటి నలుపు తెలుపు చారల స్తంభాన్ని వసతిగృహంగా మార్చి నిలబెట్టుకున్నారు.

ద్వీపం నుంచి బయటపడే రెండో దారి 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ బ్రిడ్జి. 1997లో ప్రారంభమైంది. వచ్చేటప్పుడు టోల్ లేదు, వెళ్లేటప్పుడే వసూలు చేస్తారు. రెండు ఇరుసుల వాహనానికి 50 డాలర్లు దాటి ఉన్న టోల్‌ను 2025 ఆగస్టులో 20 డాలర్లకు తగ్గించారు. గాలి గంటకు 70 కిలోమీటర్లు దాటితే ఎత్తయిన వాహనాలను వంతెన మీదికి రానివ్వరు. మోటార్‌హోమ్‌లు ఆ కోవలోకే వస్తాయి కాబట్టి తిరుగు విమానానికి ఒక రోజు వెసులుబాటు ఉంచుకోవాలి.

అవతల న్యూ బ్రన్స్‌విక్‌లో ఫండీ అఖాతం. పోటుకీ ఆటుకీ మధ్య నీటిమట్టం తేడా కొన్నిచోట్ల 16 మీటర్ల దాకా ఉంటుంది. అఖాతం ముఖద్వారంలోని కాంపొబెల్లో ద్వీపం అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వేసవి విడిది. కెనడా భూమే అయినా దానికి ఉన్న ఏకైక వంతెన అమెరికాలోని మెయిన్ రాష్ట్రం వైపు ఉంది. భారత పాస్‌పోర్టుతో ఆ దారిన వెళ్లాలంటే అమెరికా వీసా కావాలి. లేదంటే డీర్ ఐలాండ్ మీదుగా వేసవిలో మాత్రమే నడిచే ఫెర్రీ. అక్కడి హెడ్ హార్బర్ దీపస్తంభం 1829 నాటిది, తెల్లటి ఒంటిపై ఎర్రటి శిలువ. ఇనుప నిచ్చెనలు దిగి, ఆటు వేళ బయటపడిన సముద్రపు అడుగు మీదుగా నడిచి చేరాలి. పోటు మొదలైతే దారి మునిగిపోతుంది.

కాపరులు ఇంకా మిగిలి ఉన్నది అదే అఖాతం అంచున ఉన్న మకియస్ సీల్ ఐలాండ్‌లో. 1832లో బ్రిటిష్ పాలనలో అక్కడ దీపం వెలిగింది. ఆ ద్వీపం తమదంటే తమదని కెనడా, అమెరికా ఇప్పటికీ వాదించుకుంటున్నాయి. చుట్టూ ఉన్న నీళ్లలో రెండు దేశాల జాలర్లూ లాబ్‌స్టర్ బుట్టలు వేస్తారు, తగవులూ పడతారు. కచ్చతీవు గొడవ తెలిసిన మనకు ఇది కొత్త కాదు. దీపానికి మనిషి అవసరం తీరిపోయినా, హక్కు చాటుకోవడానికి కెనడా అక్కడ కాపరులను కొనసాగిస్తోంది.